నాలుగేళ్ల హైబ్రిడ్ కారు: బండి బంగారం, వెనక కేబుల్ కనెక్టర్ మాత్రం కాదు

కారు కొని నాలుగేళ్లు దాటింది. మొదటి ఏడాది చివర్లో రివ్యూ రాద్దామనుకుని బద్ధకించాను, అప్పుడే రాసి ఉంటే ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు మూడు ఇస్తున్నాను. ఇంజిన్ మీద గానీ బ్యాటరీ మీద గానీ నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. ఆ రెండు మార్కులూ పోయింది కారు కింద, వెనక చక్రం పక్కన, పిడికిలంత ఉండే ఒక కనెక్టర్ వల్ల. కంపెనీ పేరు, సర్వీస్ సెంటర్ పేరు రాయడం లేదు. వెనక ఎలక్ట్రిక్ మోటార్ ఉన్న హైబ్రిడ్ ఏ కంపెనీది మీ దగ్గరున్నా ఇది మీకు పనికొచ్చే విషయమే, పేరు చూసి "మాది అది కాదులే" అని ఎవరూ చదవకుండా వదిలేయకూడదు.

మంచి సంగతులు ముందు చెప్పేస్తాను. మైలేజీ వాళ్లు చెప్పినదానికి దగ్గరగానే వస్తోంది. ట్రాఫిక్‌లో సగం సేపు ఇంజిన్ ఆగే ఉంటుంది. బ్రేక్ ప్యాడ్లు ఇంకా సగానికి పైగా ఉన్నాయి, ఎందుకంటే వేగం తగ్గించే పని ఎక్కువగా మోటార్లే చేస్తాయి. జారుడు రోడ్డు మీద వెనక మోటార్ అందుకునే తీరు చాలా బాగుంటుంది, నిజానికి నేను ఈ మోడల్ తీసుకున్నదే అందుకు.

ఇక అసలు కథ. అమ్మకి కంటి ఆపరేషన్ ఉన్న రోజు, తెల్లవారుజామున బయల్దేరాం. ముందు రోజు రాత్రంతా వాన. దారి మధ్యలో డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా మెసేజ్ వచ్చింది, హైబ్రిడ్ సిస్టమ్‌లో లోపం ఉంది, సురక్షితమైన చోట ఆపండి అని. బండి మాత్రం మామూలుగానే నడుస్తోంది, కుదుపు లేదు, శబ్దం లేదు, పికప్ కూడా తగ్గలేదు. ఇంక రెండు కిలోమీటర్లే కదా అని ఆసుపత్రి దాకా వెళ్లి ఆపాను. అంతే. మళ్లీ బటన్ నొక్కితే లైట్లు వెలిగాయి, రేడియో పాడింది, 'రెడీ' అన్న గుర్తు మాత్రం రాలేదు. అది రాకపోతే హైబ్రిడ్ కదలదు. అమ్మ ఆపరేషన్ బాగానే జరిగింది, కానీ కట్టు కట్టిన కంటితో ఆవిణ్ణి బయట నిలబెట్టి నేను టోయింగ్ బండి కోసం ఫోన్లు చేసుకుంటున్న ఆ గంట నాకు ఇప్పటికీ గుర్తుంది.

సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెడితే పీ0ఏఏ6 అని కోడ్ వచ్చింది. ఇది ఏ ఒక్క కంపెనీదో కాదు, అన్ని కంపెనీలూ వాడే ఉమ్మడి కోడ్. హై వోల్టేజ్ సర్క్యూట్‌కీ కారు బాడీకీ మధ్య ఉండాల్సిన ఇన్సులేషన్, అంటే కరెంటు బయటికి పోకుండా ఆపే అడ్డు, పడిపోయింది అని దాని అర్థం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది "కారులో కరెంటు కొడుతుందా" అని భయపడుతున్నారు. మామూలు 12 వోల్టుల బ్యాటరీకి నెగటివ్ వైరు నేరుగా బాడీకే కలిపి ఉంటుంది. హై వోల్టేజ్ బ్యాటరీ అలా కాదు, దాని ప్లస్సూ మైనస్సూ రెండూ బాడీని తాకకుండా విడిగా ఉంటాయి. కాబట్టి ఎక్కడో ఒక చోట లీకైతే వెంటనే ఎవరికీ షాక్ కొట్టదు, సర్క్యూట్ పూర్తవ్వాలంటే రెండో చోట కూడా లీకవ్వాలి. ఆ రెండోది జరిగేదాకా ఆగకుండా మొదటిది కనిపెట్టగానే కంప్యూటర్ కారుని మళ్లీ స్టార్ట్ కానివ్వదు. అలా ఆపడం నూటికి నూరు పాళ్లూ సరైన పని, దాని మీద నాకే కోపమూ లేదు. ఎంత ఇన్సులేషన్ ఉండాలో కూడా లెక్క ఉంది: ఐక్యరాజ్యసమితి వాహనాల నియమం 100 ప్రకారం డీసీ (బ్యాటరీ) వైపు ప్రతి వోల్టుకీ కనీసం 100 ఓములు, ఏసీ (మోటార్) వైపు 500 ఓములు.

మరి లీకెక్కడ? ఇలాంటి కార్లలో ముందు చక్రాల నుంచి వెనక చక్రాలకి తిరిగే ఇనప షాఫ్ట్ ఉండదు. వెనక ఇరుసు దగ్గర విడిగా ఒక మోటార్ ఉంటుంది. ముందు బానెట్ కింద ఉన్న ఇన్వర్టర్ (బ్యాటరీ డీసీ కరెంటుని మోటార్లకి కావలసిన ఏసీగా మార్చే పెట్టె) నుంచి ఆ మోటార్‌కి మూడు ఫేజుల (ఒక్కో తీగకి ఒక ఫేజు) కరెంటు మోసుకెళ్లే లావాటి కేబుల్, కారు పొట్ట కింద నుంచి బారుగా వెళ్తుంది. ఆరెంజ్ రంగులో ఉంటుంది, ఆ రంగు అందం కోసం పెట్టింది కాదు, డీసీలో 60 వోల్టులు, ఏసీలో 30 వోల్టులు దాటిన సర్క్యూట్ అని హెచ్చరిక. ఆ మూడు తీగల చుట్టూ సన్నటి లోహపు తీగలతో అల్లిన జాలీ తొడుగు ఉంటుంది, దాన్ని షీల్డ్ అంటారు. ఇన్వర్టర్ కరెంటుని సెకనుకి వేల సార్లు ఆన్ ఆఫ్ చేస్తూ పంపుతుంది కాబట్టి ఆ గోల రేడియోకీ సెన్సర్లకీ తగలకుండా ఈ జాలీ ఆపుతుంది. కేబుల్ చివర, మోటార్‌కి తగిలించే చోట, ఈ జాలీని ఒక ఉక్కు రింగుతో కనెక్టర్ బయటి అల్యూమినియం తొడుగు మీద నొక్కి బిగిస్తారు. నా కారులో చెడింది సరిగ్గా అక్కడే.

ఒక్కసారి ఆలోచించండి, అక్కడ ఎన్ని లోహాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయో. అల్యూమినియం తొడుగు, ఉక్కు రింగు, తగరం పూత పూసిన రాగి జాలీ. స్కూల్లో చదువుకున్న పట్టికే ఇది: అల్యూమినియం ప్రామాణిక పొటెన్షియల్ మైనస్ 1.66 వోల్టులు, ఇనుము మైనస్ 0.44, తగరం మైనస్ 0.14, రాగి ప్లస్ 0.34. రెండు వేరు వేరు లోహాలు తగులుకుని ఉండి వాటిని కలుపుతూ ఉప్పు నీరు నిలిస్తే అదొక చిన్న బ్యాటరీ అయిపోతుంది, పొటెన్షియల్ తక్కువ ఉన్న లోహం కరిగిపోతూ ఎక్కువ ఉన్నదాన్ని కాపాడుతుంది. ఇక్కడ ముందుగా కరిగేది అల్యూమినియం. మామూలుగా అల్యూమినియానికి దాని ఆక్సైడ్ పొరే కవచం, కంటికి కనపడనంత పల్చగా ఉంటుంది కానీ గట్టిది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరకి చిల్లులు పొడుస్తుంది. అక్కణ్ణుంచి తెల్లటి పొడి మొదలవుతుంది. ఆ పొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, కాబట్టి పక్కనున్న రబ్బరు సీలుని కింద నుంచి పైకి నెడుతుంది. సీలు లేచాక నీళ్లు లోపలికి పోతాయి. జాలీ సంగతి మరీ ఘోరం, అన్ని సన్నటి తీగల అల్లిక కదా, దీపపు వత్తి నూనె పీల్చినట్టు ఉప్పు నీటిని పీల్చుకుని లోపలికి లాగుతుంది.

ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తుందంటే, మంచు కురిసే చోట రోడ్ల మీద చల్లేది, సముద్రం పక్కన గాలిలో ఉండేది. రోడ్డు మీద చల్లేవాటిలో మామూలు ఉప్పు కన్నా మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ మొండివి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే గానీ మామూలు ఉప్పు తడెక్కి కరగదు, మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం చాలు. అంటే మనం పొడిగా ఉందనుకునే రోజు కూడా ఆ కనెక్టర్ లోపల తడిగానే ఉంటుంది. ఇంకో సంగతి, చలికాలంలో బండిని వెచ్చటి గ్యారేజీలో పెడితే దానికి మంచిదనుకుంటాం, తుప్పు విషయంలో అది తిరగబడుతుంది, వెచ్చదనానికి ఈ రసాయన చర్య ఇంకా జోరందుకుంటుంది.

నా కనెక్టర్‌లో పెద్ద లోపం దాని ఆకారమే. పైన ఒక ప్లాస్టిక్ కవచం ఉంది, రాళ్లు తగలకుండా. మంచి ఉద్దేశమే. కానీ కవచానికీ తొడుగుకీ మధ్య వేలు పట్టేంత సందు ఉంది, పై నుంచి తెరిచి ఉంది, కింద నీళ్లు కారిపోవడానికి చిల్లు లేదు. వెనక చక్రం ఎగజిమ్మే బురద అందులో చేరి కూర్చుంటుంది. బురద అంటే ఉప్పు నీటిని పట్టుకుని ఉంచే స్పాంజి లెక్క. కనెక్టర్‌ని మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచి పరీక్షిస్తారు, ఐపీ67 అంటే అదే. ఐఎస్‌ఓ 9227 ఉప్పు పరీక్షలో 5 శాతం ఉప్పు నీటిని 35 డిగ్రీల దగ్గర ఆపకుండా పిచికారీ చేస్తారు. రెండూ కావలసిన పరీక్షలే. అయితే రోడ్డు మీద జరిగేది వేరు: తడవడం, ఆరడం, బురద గట్టిపడటం, మళ్లీ తడవడం, ఇలా ఏళ్ల తరబడి. కొత్త సీలు అరగంట నీళ్లలో ఆగడం వేరు, దాని కిందున్న అల్యూమినియం తినేయబడ్డాక ఆగడం వేరు.

ఇక సర్వీస్ సెంటర్. రివ్యూలో ఈ భాగానికి ఒక్క మార్కు. మనుషులు మర్యాదగానే మాట్లాడారు, అందులో తేడా లేదు. సమస్య వాళ్లు చెప్పింది.

"సర్, ఇది తుప్పు. తుప్పు వారంటీలోకి రాదు."

"తలుపుకి పడితే సరేనండీ, ఇది హైబ్రిడ్ కేబుల్ కదా. హైబ్రిడ్ భాగాలకి ఎనిమిదేళ్లని మీరే కాగితం ఇచ్చారు."

"మా లిస్టులో ఇది వైరింగ్ కింద ఉంది సర్. వైరింగ్‌కి మూడేళ్లే."

కారు కింద వాన పడే చోట, బురద పడే చోట బిగించే వస్తువు పాడైతే, బయటి వాతావరణం వల్ల పాడైంది కాబట్టి మా బాధ్యత కాదు అనడం నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడలేదు. ఆ కేబుల్ ఉండాల్సిన చోటే ఉంది, నేను దాన్ని తీసుకెళ్లి ఎక్కడా పడేయలేదు కదా. పైగా కనెక్టర్ విడిగా అమ్మరు, ముందు నుంచి వెనక దాకా కేబుల్ మొత్తం మార్చాలి. ఇది మాత్రం న్యాయమే, హై వోల్టేజ్ కేబుల్‌ని మధ్యలో కోసి అతుకు వెయ్యడం ప్రమాదం, షీల్డ్ మళ్లీ ఫ్యాక్టరీలో ఉన్నట్టు కుదరదు. కానీ దానివల్ల పిడికిలంత భాగం చెడినందుకు వాళ్లు చెప్పిన బిల్లు చూసి ఇంట్లో రెండు రోజులు ఎవరం సరిగా మాట్లాడుకోలేదు. కేబుల్ స్టాకులో లేదు, అయిదు వారాలు పడుతుందన్నారు. అప్పటిదాకా ప్రతి సర్వీసుకీ బండిని లిఫ్ట్ ఎక్కించి కింద చూశామని టిక్కులు పెట్టారు, అయితే ఆ చెక్‌లిస్టులో ఈ కనెక్టర్ పేరే లేదు. బాగా కోపం వచ్చింది అప్పుడే. రెండేళ్ల కిందట ఆ కవచం తీసి ఒక్కసారి టార్చి కొట్టి చూసి ఉంటే తెల్ల పొడి దశలోనే దొరికేది.

బండిని అక్కడ నుంచి తీయించి హైబ్రిడ్ పనులే చేసే ఒక చిన్న వర్క్‌షాప్‌కి పంపాను, రెండో అభిప్రాయం కోసం. వాళ్లకి ఐదుకి ఐదు. ఎందుకో చెప్తాను, చూసి నేర్చుకోదగ్గ పద్ధతి వాళ్లది. వెళ్లగానే కారు కిందకి దూరలేదు. ముందు 12 వోల్టుల బ్యాటరీ విప్పారు, తర్వాత హై వోల్టేజ్ బ్యాటరీని విడదీసే సర్వీస్ ప్లగ్ లాగేశారు, ఆ ప్లగ్‌ని మేస్త్రీ తన జేబులో పెట్టుకున్నాడు, వేరే ఎవరూ పొరపాటున తిరిగి పెట్టకుండా. తర్వాత పది నిమిషాలు ఎవరూ ఏదీ ముట్టుకోలేదు, ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లలో (కరెంటు దాచుకునే భాగాల్లో) మిగిలిన చార్జి ఖాళీ అవ్వాలని. 1000 వోల్టుల రబ్బరు గ్లవ్స్ వేసుకుని, గాలి ఊది చిల్లు లేదని చూసుకుని, మీటరు పెట్టి సున్నా వోల్టులు అని నిర్ధారించాకే కనెక్టర్ విప్పారు.

కవచం తీయగానే నాకు నోట మాట రాలేదు. బూడిద రంగు బురద గడ్డ, దాని కింద పొరలు పొరలుగా తెల్లటి పొడి, రింగు అంచున ఎర్ర తుప్పు, జాలీ తీగలు సగం తెగి పచ్చటి కిలుము పట్టి ఉన్నాయి. వేలితో తాకితే జాలీ రాలిపోతోంది. మేస్త్రీ మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) తీసుకుని 500 వోల్టులతో ఒక్కో ఫేజుకీ షీల్డుకీ మధ్య కొలిచాడు. రెండు ఫేజులు వందల మెగా ఓముల్లో ఉన్నాయి, మూడోది 40 కిలో ఓములే, అంటే వాటిలో వెయ్యో వంతు కూడా లేదు. "అన్నా, కంప్యూటర్ మీ బండిని ఆపింది దీనికే," అన్నాడు, మీటరు నాకు చూపించి. మోటార్ వైపు విడిగా కొలిచాడు, అది బాగానే ఉంది. ఈ ఒక్క కొలతా చాలా ముఖ్యం, ఎందుకంటే సర్వీస్ సెంటర్ వాళ్లు "మోటార్ కూడా మార్చాల్సి రావచ్చు" అని ముందే భయపెట్టి పెట్టారు.

మేస్త్రీ నాకు ఇచ్చిన ఒక సలహా ఆ బిల్లు నుంచి కాపాడింది. నేను కంపెనీకి రాసిన మొదటి ఉత్తరంలో అంతా తుప్పు తుప్పు అనే రాశాను, దానికి జవాబు కూడా తుప్పు వారంటీలో లేదు అనే వచ్చింది. "తుప్పు అని రాయకండి, ఏమైందో రాయండి" అన్నాడతను. రెండో ఉత్తరంలో ఇలా రాశాను: హై వోల్టేజ్ ఇన్సులేషన్ నియమం కన్నా కిందకి పడిపోయింది, కోడ్ ఇది, ఏ ఫేజు, ఎన్ని ఓములు, ఏ వోల్టేజీ దగ్గర కొలిచారు, కారు రోడ్డు మీద ఆగిపోయిన తేదీ, ఇదిగో ఫోటోలు, ఇవిగో మీ సర్వీస్ కాగితాలు, ఇందులో ఈ కనెక్టర్ ఎప్పుడు చూశారో చెప్పండి. మూడు వారాల తర్వాత కేబుల్ ఖర్చు వాళ్లు పెట్టుకుంటామని, కూలీ నేను కట్టాలని ఫోన్ వచ్చింది. ఒప్పుకున్నాను. పూర్తిగా ఇవ్వాల్సిందనే ఇప్పటికీ అనుకుంటున్నాను, కానీ బండి లేకుండా అప్పటికే రెండు నెలలు గడిచాయి, అమ్మని కంటి పరీక్షలకి తిప్పాలి.

కొత్త కేబుల్‌లో తేడాలు కనిపించాయి. పార్ట్ నంబర్‌లో చివరి అక్షరం మారింది. రబ్బరు బూటు (కనెక్టర్ మీద తొడిగే రబ్బరు తొడుగు) పాతదానికన్నా పొడుగ్గా ఉండి రింగునంతా కప్పేస్తోంది, కవచం అడుగున నీళ్లు పోయే చిల్లు పెట్టారు. అంటే లోపం వాళ్లకీ తెలిసింది, సరిదిద్దారు. సంతోషమే. అలాంటప్పుడు పాత డిజైన్‌తో తిరుగుతున్న వాళ్లందరికీ ఒక కబురు పంపి, సర్వీసుకి వచ్చినప్పుడు చూసి ఉంటే ఎంత బాగుండేది.

ఈ రకం కారు మీ దగ్గర ఉంటే మీరు చెయ్యగలిగింది చెప్తాను. సర్వీసుకి ఇచ్చేటప్పుడు నోటితో చెప్పి ఊరుకోకుండా జాబ్ కార్డులో రాయించండి: వెనక మోటార్ హై వోల్టేజ్ కనెక్టర్ కవచం తీసి ఫోటో ఇవ్వాలి అని. ఫోటో అడిగితే చూసి తీరతారు. బండి లిఫ్ట్ మీద ఉన్నప్పుడు దూరం నుంచి టార్చి వేసి మీరూ చూడండి, తెల్ల పొడి గానీ పచ్చ కిలుము గానీ కనిపిస్తే అప్పుడే అడగండి. ఆరెంజ్ రంగున్నది ఏదీ మీరు విప్పొద్దు, స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, ఏ స్ప్రే పడితే అది కొట్టొద్దు. లోపల ఉప్పు తడి ఉండగా పైన గ్రీజు పూస్తే తడిని లోపలే మూసేసినట్టవుతుంది. కారు కింద కడగడం మంచిదే, మామూలు పైపు నీళ్లతో మెల్లగా, ఉప్పు సీజన్‌లో తరచుగా. ప్రెషర్ వాషర్ ముక్కుని మాత్రం ఆ సందులోకి పెట్టొద్దు, బురద కడగబోయి ఉప్పుని సీలు కిందకి తోసినట్టవుతుంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లయితే బ్యాటరీ ఆరోగ్యం ఒక్కటే అడిగి వదిలేస్తున్నారు, ఈ కేబుల్ ఫోటో కూడా అడగండి, బండి అంతకు ముందు ఎక్కడ తిరిగిందో అడగండి. వెనక మోటార్ లేని హైబ్రిడ్ అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు, కానీ బ్యాటరీ కారు అడుగున ఉన్న ప్లగ్-ఇన్ మోడళ్లకి కేబుల్ చివరలు బయటే ఉండొచ్చు, ఒకసారి చూపించుకోండి.

వర్క్‌షాప్ వాళ్లు పాత కనెక్టర్‌ని అడ్డంగా కోసి నాకిచ్చారు. సీలు కింద అల్యూమినియం ఎలా తినేయబడిందో అందులో గీత గీసినట్టు కనిపిస్తుంది. సర్వీస్ సెంటర్ మేనేజర్‌కి అది చూపించి, చెక్‌లిస్టులో ఒక్క లైను చేర్చమని అడిగాను. పైవాళ్లకి పంపిస్తానన్నారు. ఇంతవరకూ చేర్చలేదు.

కొత్త కేబుల్ వేసి పదకొండు నెలలైంది. పోయిన నెల మొదటి తనిఖీ చేయించాను. బూటు గట్టిగా పట్టుకుని ఉంది, చిల్లు మూసుకుపోలేదు, బురద కొంచెమే ఉంది, తొడుగు మెరుస్తోంది. రింగు అంచున ఒక చోట మాత్రం ఆవగింజంత తెల్ల చుక్క కనిపించింది. మేస్త్రీ దాన్ని దగ్గరగా ఫోటో తీసి తేదీ వేసి పంపించాడు. ఆరు నెలల తర్వాత అదే చుక్కని మళ్లీ తీస్తాం, పెరిగిందో లేదో ఇక్కడే రాస్తాను.